నొప్పి తెలియని చెయ్యి

పొయ్యి మీద అన్నం ఉడికింది. గంజి వార్చాలి. ఆమె మసిగుడ్డ కోసం వెతకలేదు. ఉత్త చేత్తోనే గిన్నె అంచు పట్టుకుని దించేసింది. పక్కింటామె చూసి బిత్తరపోయింది.

'అదేంది వదినా, చెయ్యి కాలట్లేదా?'

'కాయకష్టం చేసే చేతులు గదా, మొద్దుబారినయ్ లే' అని ఆమె నవ్వేసింది. పక్కింటామె కూడా నవ్వి ఊరుకుంది.

తెల్లారేసరికి ఆ చేతి వేళ్ల మీద బొబ్బ లేచింది. నొప్పి లేదు కాబట్టి ఆమె పట్టించుకోలేదు. బొబ్బ చితికింది, పుండయింది. ఎప్పటికో మానింది. కొన్నాళ్లకు జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమైంది. అన్నం కలిపితే ముద్ద నిలవకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. పొగాకు ఆకును కర్రకు కట్టబోతే పురికొస చేతికి చిక్కడం లేదు. ఒకరోజు చూసుకుంటే చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోయి ఉన్నాయి. ఎంత చాపినా చాపుకోవడం లేదు.

ఈమె ఫలానా ఊరి ఫలానా మనిషి అని కాదు. ప్రకాశం పడమటి పల్లెల్లో, చంద్రశేఖరపురం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇలాంటి ఇల్లాలు ఉండొచ్చు. వానను నమ్ముకున్న నేల అది. మిరపకాయ కోయాలన్నా, మేక పాలు పిండాలన్నా, వలస వెళ్లి ఇటుక మోయాలన్నా చెయ్యే ఆధారం. రెక్కాడితేగానీ డొక్కాడని బతుకులు. ఆ మండలంలోనే ఉన్న భైరవకోనలో కొండను తొలిచి గుళ్లు చెక్కినవీ చేతులే. అలాంటి చోట చెయ్యి వంకరపోతే పోయేది అందం ఒక్కటే కాదు. కూడు కూడా పోతుంది.

'గాలి సోకింది' అంటారు. 'వాతం' అంటారు. తాయెత్తు కట్టిస్తారు. పసరు రాయిస్తారు. ఏడాది గడిచిపోతుంది. అసలు నష్టం ఆ ఏడాదిలోనే జరుగుతుంది. ఎందుకంటే చెయ్యి వంకరపోవడం వేళ్లలో మొదలవదు. పైనెక్కడో నరంలో మొదలవుతుంది. వేలు వంగేనాటికి నరం ఎప్పటినుంచో మొర పెట్టుకుంటూనే ఉంటుంది. దాని మొర నొప్పి రూపంలో ఉండదు కాబట్టి ఎవరికీ వినపడదు.

మూడు నరాల కథ

చేతికి ముఖ్యంగా మూడు నరాలు. అల్నార్, మీడియన్, రేడియల్. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, పనులు గుర్తుంటే చాలు.

మోచెయ్యి తలుపుకు తగిలితే చిటికెన వేలి దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది కదా! అక్కడ దెబ్బ తగిలింది ఎముకకు కాదు, అల్నార్ నరానికి. అరచేతిలోని చిన్న కండరాల్లో ఎక్కువ భాగం దాని చేతి కిందే ఉన్నాయి. వేళ్లను విప్పడం, దగ్గరికి చేర్చడం, సూదిలో దారం ఎక్కించేంత నేర్పు... ఇవన్నీ ఆ చిన్న కండరాల చలవే. ముంజేతిలోని పెద్ద కండరాలు వేళ్లను గట్టిగా లాగుతుంటే, ఈ చిన్నవి మధ్యలో నిలబడి సర్దుబాటు చేస్తుంటాయి. అల్నార్ నరం చచ్చుబడితే సర్దుబాటు చేసేవాళ్లు లేకుండా పోతారు. వేళ్ల మొదళ్లు వెనక్కి విరుచుకుంటాయి, మధ్య కణుపులు ముందుకు వంగుతాయి. చెయ్యి పక్షి గోళ్లలా కనిపిస్తుంది. డాక్టర్లు 'క్లా హ్యాండ్' అనేది దీన్నే.

మీడియన్ నరం బొటనవేలిది. అది దెబ్బతింటే బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రాలేదు. బొటనవేలు ఎదురు రాకపోతే చిటికెడు ఉప్పు కూడా తీసుకోలేం. రేడియల్ నరం మణికట్టును పైకి లేపుతుంది. అది పోతే చెయ్యి వాడిన అరిటాకులా కిందికి వేలాడుతుంది.

ఈ మూడు నరాలకూ మరో బాధ్యత ఉంది. వేడి, చల్లన, స్పర్శ, నొప్పి... చర్మానికి తెలిసినవన్నీ మెదడుకు మోసుకుపోవడం. అందుకే నరం జబ్బులో చెయ్యి రెండు విధాలుగా నష్టపోతుంది. ఒకటి కదలిక, రెండోది కాపలా.

నరానికి జబ్బు చేసే కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో తరతరాలుగా చేతుల్ని వంకర తిప్పిన పేరు మాత్రం ఒకటుంది. కుష్ఠు. పల్లెల్లో ఆ మాట పలకడానికి కూడా జంకి 'పెద్ద రోగం' అంటారు. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ దాని క్రిమిని కనిపెట్టాడు. క్రిమి సంగతి తెలిశాక కూడా వేళ్లు ఎందుకు అరిగిపోతున్నాయో చాలాకాలం ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. 'కుష్ఠు వస్తే కండ కుళ్లి రాలిపోతుంది' అనే అందరూ నమ్మారు. డాక్టర్లు కూడా.

ఆ నమ్మకం తప్పని తేలింది మనకు బాగా తెలిసిన ఊళ్లోనే.

రాయవేలూరులో తేలిన నిజం

నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల్లోనూ, ప్రకాశం పడమటి పల్లెల్లోనూ 'రాయవేలూరు పోయొచ్చాం' అంటే కోట చూడ్డానికి వెళ్లారని కాదు. ఆసుపత్రికి వెళ్లారని. ఆ క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ఇంగ్లిషువాడే అయినా పుట్టింది తమిళనాడు కొల్లి కొండల్లో, 1914లో.

మరుసటి ఏడాది ఆయన చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రి చూడబోయాడు. అక్కడ పెద్ద డాక్టర్ రాబర్ట్ కాక్రేన్. ఆవరణలో తిరుగుతుంటే ఎటు చూసినా వంకరపోయిన చేతులే. వీటికి ఎముకల సర్జన్లు ఏం చేస్తున్నారని బ్రాండ్ అడిగాడు. వాటి జోలికి ఎవరూ రాలేదని తెలిసింది. ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. వంకర వేళ్లు కదా, పట్టు ఏముంటుందిలే అనుకున్నాడు. ఆ పట్టుకు బ్రాండ్ ప్రాణం విలవిల్లాడింది!

అంటే వేళ్లు వంగిపోయినా ముంజేతి కండరాలు నిక్షేపంగా ఉన్నాయన్నమాట. చెయ్యి మొత్తం చచ్చిపోలేదు. కొన్ని కండరాలు మాత్రమే పడిపోయాయి. మరి ఆ కొన్నే ఎందుకు? చనిపోయిన ఒక రోగి దేహాన్ని పరీక్షిస్తే జవాబు దొరికింది. నరాలు అన్నిచోట్లా పాడవలేదు. మోచేతి పైన, మణికట్టు దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర మాత్రమే ఉబ్బి ఉన్నాయి. అవన్నీ నరం చర్మానికి దగ్గరగా వచ్చే చోట్లు. శరీరం కాస్త చల్లగా ఉండే చోట్లు. కుష్ఠు క్రిమికి చల్లదనం ఇష్టం. నరం అక్కడ వాచిపోతే దాని కింద ఉన్న కండరాలన్నీ పడిపోతాయి, ముంజేతి పైభాగంలోవి మిగిలిపోతాయి.

మరి వేళ్లు అరిగిపోయేది ఎందుకు? బ్రాండ్ రోగుల చేతుల్ని రోజూ గమనించాడు. పెనం కాల్చింది. పలుగు పిడి ఒరుసుకుంది. తుప్పు పట్టిన తాళం తిప్పితే వేలు తెగింది. నొప్పి లేదు కాబట్టి ఎవరూ ఆగలేదు, కట్టు కట్టలేదు. అదే పుండు మీద మళ్లీ పని. చీము ఎముకకు పాకడం, ఎముక కరిగిపోవడం. కొందరికి రాత్రి పడుకునే ముందు ఉన్న గాయం తెల్లారేసరికి పెద్దదయ్యేది. కాపలా కాసి చూస్తే తెలిసింది, ఎలుకలు కొరుకుతున్నాయని. నొప్పి తెలియని మనిషికి మెలకువ ఎలా వస్తుంది? అప్పటినుంచి వేలూరులో ఇంటికి వెళ్లే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవాళ్లు.

కాబట్టి వేళ్లను తినేది కుష్ఠు క్రిమి కాదు. కాపలా లేని చెయ్యి రోజూ తినే దెబ్బలు. ఈ ఒక్క నిజం తెలియడంతో సగం భారం తగ్గింది. దెబ్బల్ని ఆపొచ్చు కదా!

మిగతా సగం ఆపరేషన్. 1948లో వేలూరులో అది మొదలైంది. ఒక్కో వేలిని మడవడానికి ముంజేతి నుంచి రెండేసి స్నాయువులు, అంటే కండరాల తాళ్లు వస్తాయి. ఒకటి పోయినా రెండోది పని నడిపిస్తుంది. ఆ రెండింటిలో ఒకదాన్ని తీసి, పాయలుగా చీల్చి, చచ్చుబడిన చిన్న కండరాల స్థానంలో వేళ్లకు కుడతారు. కాడికి ఒక ఎద్దు పడిపోతే పక్కింటి ఎద్దును తెచ్చి కట్టినట్టు. బ్రాండ్ బృందంలోని మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. తన కాళ్లు పడిపోయాక ఇంకొకరి చేతులు లేపిన మనిషి!

అన్ని వంకరలూ ఒకటి కావు

చెయ్యి వంకరపోగానే కుష్ఠు అని భయపడనక్కర్లేదు. కారణాన్ని బట్టి తొందర కూడా మారుతుంది. కొన్నిటికి నెలలు ఉంటాయి, కొన్నిటికి గంటలే.

గంటల లెక్కది పిల్లల్లో ఎక్కువ. చింతచెట్టు మీంచి పడ్డ పిల్లాడికి మోచేతి దగ్గర ఎముక విరుగుతుంది. వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టేస్తారు. లోపల వాపు పెరుగుతుంది, బయట కట్టు సడలదు. మధ్యలో నెత్తురు ఆడక ముంజేతి కండరం నలిగి చచ్చిపోతుంది. తర్వాత అది గట్టిపడి కురచబారి వేళ్లను జీవితాంతం లోపలికి లాగేస్తుంది. జర్మనీ సర్జన్ ఫోక్‌మన్ 1881లో దీన్ని వివరించాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. కట్టు నాటుదైనా ఆసుపత్రిదైనా బిగుతు బిగుతే. కట్టిన తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు చాపబోతే పిల్లాడు గావుకేక పెడుతున్నా, వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆరు గంటలు దాటితే కండరం తిరిగి రావడం కష్టం. ముందు కట్టు విప్పించి, వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

కొడవలి తెగి, గాజు గుచ్చుకుని నరం తెగడం మరో రకం. పైన చర్మానికి కుట్లు వేయించుకుని సరిపెట్టుకుంటారు. వేలికి స్పర్శ రాకపోయినా 'మెల్లగా వస్తుందిలే' అనుకుంటారు. తెగిన నరాన్ని కలిపి కుడితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి నుంచి వేళ్ల దాకా రావాలంటే ఏడాది పట్టొచ్చు. కండరం మాత్రం అంతకాలం ఎదురుచూడలేదు. నరం లేకుండా ఏడాది, ఏడాదిన్నర గడిస్తే ఎండిపోతుంది. అందుకే మొదటి రోజే చూపించుకోవాలి.

కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి మత్తుగా నిద్రపోయినవాడికి లేచేసరికి మణికట్టు వాలిపోయి ఉంటుంది. రేడియల్ నరం నలిగిందన్నమాట. ఇది చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. ఆలోగా కీళ్లు బిగుసుకోకుండా బద్ద కట్టి చూసుకోవాలి.

ఇక ఈ నేలకు సొంతమైన కారణం ఒకటుంది. ఫ్లోరైడు నీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఈ ప్రాంతపు ఫ్లోరోసిస్ మీద వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడును ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక మందమవుతుంది. లోపలి దారి ఇరుకై వెన్నుపామును, చేతులకు వెళ్లే నరాల మొదళ్లను నొక్కుతుంది. మెడ తిప్పలేకపోవడం, కాళ్లు బిగుసుకోవడంతో పాటు చేతుల కండ కరిగిపోతుంటే కారణం చేతిలో కాదు, మెడలో వెతకాలి. తిమ్మిరి ఉంటే చక్కెర జబ్బు సంగతి కూడా చూడాలి.

ఇంట్లోనే చూసుకోవచ్చు

నరం మొర పెట్టుకుంటుందన్నాం కదా, దాన్ని వినడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆరోగ్య కార్యకర్తలు చేసే పరీక్షలే ఇవి.

కళ్లు మూసుకోమని బాల్‌పెన్ను మొనతో అరచేతి మీద, వేళ్ల మీద సుతారంగా తాకించాలి. తాకిన చోట వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అక్కడ స్పర్శ తగ్గినట్టే.

అరచెయ్యి పైకి పెట్టి చిటికెన వేలిని పక్కకు జరపమనాలి. ఎదుటివాళ్లు దాన్ని వేలితో లోపలికి తోస్తే తట్టుకోవాలి. ఇది అల్నార్ పరీక్ష. అలాగే బొటనవేలిని ఆకాశం వైపు ఎత్తమనాలి, తోస్తే నిలవాలి. ఇది మీడియన్‌కు. పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమంటే ఎత్తాలి, కిందికి నొక్కినా వాలకూడదు. ఇది రేడియల్‌కు. రెండు చేతుల్నీ పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉండి, దురద లేకుండా, గిల్లినా తెలియకుండా ఉంటే దాన్ని కూడా చూపించుకోవాలి. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా కుష్ఠు మందులు ఉచితం. పలు మందులు కలిపి ఇచ్చే ఈ పద్ధతిని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకదు. కంచం వేరు చేయనక్కర్లేదు, మంచం వేరు చేయనక్కర్లేదు.

ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ మందులు క్రిమిని చంపుతాయి. నరం వాపును తగ్గించడానికి వేరే మందు, స్టెరాయిడ్, కావాలి. చెయ్యి బలం తగ్గడం మొదలైన ఆరు నెలల్లోపు డాక్టరు పర్యవేక్షణలో వాడితే చాలామందిలో నరం కోలుకుంటుంది. ఆ గడువు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. తాయెత్తుకు, పసరుకు పోయేది సరిగ్గా ఈ ఆరు నెలలే.

మన దేశంలో ప్రతి పదివేల మందిలో ఒకరికంటే తక్కువమందికే కుష్ఠు ఉందని 2005 చివరికి లెక్క తేలింది. దాంతో ఊళ్లలో 'ఆ జబ్బు పోయింది' అనుకున్నారు. పోలేదు. ఇప్పటికీ ఏటా లక్ష మంది దాకా కొత్తగా బయటపడుతున్నారు. మచ్చ కనిపించడానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పట్టే జబ్బు అంత తొందరగా ఎలా పోతుంది?

మళ్లీ నేర్చుకునే చెయ్యి

అప్పటికే వేళ్లు వంగిపోతే? అయినా దారులున్నాయి. రోజూ ఇరవై నిమిషాలు చేతుల్ని మామూలు నీళ్లలో నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె రాయాలి. పగుళ్లు రావు. వంగిన చేతిని తొడ మీద పెట్టుకుని రెండో చేత్తో వేళ్లను నెమ్మదిగా సాపు చేస్తుండాలి. కీళ్లు బిగుసుకోవు. పలుగు, పార, గరిటె పిడులకు గుడ్డ చుట్టాలి. పొయ్యి దగ్గర మసిగుడ్డ తప్పనిసరి. రాత్రి పడుకునే ముందు రెండు చేతుల్నీ దీపం ముందు పెట్టి చూసుకోవాలి. నొప్పి చేయాల్సిన కాపలా కళ్లు చేయాలి.

కీళ్లు మెత్తగా ఉంటేనే ఆపరేషన్ కుదురుతుంది. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు పిండికట్టు. అసలు కష్టం ఆ తర్వాత. నిన్నటిదాకా వేలిని మడిచిన కండరం ఇవాళ్టినుంచి చాపే పనికి సాయపడాలి. ఆ సంగతి మెదడుకు తెలియదు. పసిపిల్లాడికి పలక మీద చెయ్యి పట్టి దిద్దించినట్టు వారాల తరబడి వ్యాయామంతో నేర్పించాలి. నేర్చుకుంటుంది కూడా. ఈ ఆపరేషన్ చేయించుకున్న కుష్ఠు బాధితులకు పోయిన కూలి కింద ప్రభుత్వం రూ.12 వేలు ఇస్తోంది.

అయితే చెయ్యి బాగైతే మనిషి బతుకు బాగైనట్టేనా? వేలూరులో ఇదీ తేలింది. చేతులు చక్కబడిన కొందరు తిరిగొచ్చి బాధపడ్డారు. వంకర చేతుల్ని చూసి వేసే బిచ్చం పోయింది, చక్కటి చేతుల్ని చూసి ఇచ్చే పని మాత్రం దొరకలేదు. అప్పుడు బ్రాండ్ వాళ్ల కోసం చిన్న పల్లెలాంటిది కట్టించి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పించాడు. సర్జన్ కత్తి పని అయిపోయాక ఊరి పని మొదలవుతుందని ఆయనకు అర్థమైంది. మన చట్టానికి అది అర్థం కావడానికి మరింత కాలం పట్టింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు తొలగించింది 2019లో!

మళ్లీ ఆ ఇల్లాలి దగ్గరికి వద్దాం. ఆమె కథ రెండు రకాలుగా సాగొచ్చు. 'మొద్దుబారినయ్ లే' అన్న మాటతో ఆగిపోతే, ఏడాది తర్వాత ఆమె చెయ్యి కొంగు చాటుకు వెళ్లిపోతుంది. పెళ్లిళ్లకు రావడం మానేస్తుంది. బంతిలో కూర్చోదు. అలా కాక, పక్కింటామె నవ్వి ఊరుకోకుండా 'ఒకసారి ఆశా అమ్మాయికి చూపిద్దాం పద వదినా' అని తీసుకెళ్తే, వచ్చే ఏడాది కూడా ఆమె పొగాకు ఆకు కడుతుంది, మనవడికి గోరుముద్దలు తినిపిస్తుంది.

'చెయ్యి కాలట్లేదా?' అని ఆ రోజు పక్కింటామె అడిగిన ప్రశ్న సరైనదే. దానికి జవాబు ఆసుపత్రిలో అడగాలి, అంతే.